హరినాథ్ ఇంటి పెట్టెకు తీర్పు చెప్పిన వైనం

రేణిగుంట స్టేషన్ రోడ్డులో సుబ్బులమ్మ టీ అంగడి ముందర బెంచీ మీద ధనంజయ ఒకసారి కూర్చున్నాడంటే, టీ చల్లారుతుంది గానీ మాట చల్లారదు. తిరుపతిలో ఎమ్మే చదివాడు. చదవని పుస్తకం లేదంటాడు. యూట్యూబ్‌లో 'జనం చెవి' అని ఒక ఛానల్ నడుపుతూ, ఇయర్‌ఫోన్లకూ స్పీకర్లకూ మంచిచెడ్డలు చెబుతాడు. ప్రతి వీడియో చివరా పిడికిలి ఎత్తుతాడు.

ఆ సాయంత్రం అతన్ని అంగడికి తోడుకొచ్చింది గోడౌన్‌లో లోడింగ్ పని చేసే మునిశేఖర్. సుబ్బులమ్మ రమ్మంటోందని చెప్పాడు. ఎందుకని ధనంజయ అడగలేదు. ఎవరు పిలిచినా తన మాట వినడానికే పిలుస్తారని అతని నమ్మకం.

సుబ్బులమ్మ టీ చేతికిచ్చి, అక్కడే నిలబడింది.

"అబ్బయ్యా, తిరపతిలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఆయన ఇంటికి పోయినావంట కదా, పాటలు వినే పెట్టెను సూసేదానికి. ఆ పొద్దు ఆ ఇంట్లో పనిచేసే ఆమె మీద ఏదో మాట వచ్చిందంట. పెట్టెను పాడు చేసిందని ఆమెను పనిలో నుంచి తీసేసినారంట. ఆ సంగతి చెప్పు."

ధనంజయ టీ ఊదుకున్నాడు. చల్లారినా ఇంకోసారి ఊదుకున్నాడు.

"తీసేసినారని ఎవురు చెప్పిందక్కా? నేనుండంగా ఎట్ల తీసేస్తారు? ఆమె సంగతి కూడా వస్తాది. మొదుట్నుంచి చెప్పకపోతే మీకు అర్థం కాదు."

"మొదుట్నుంచే చెప్పబ్బా," అన్నాడు వెంకటేశ్వర్లు. ఆయన గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరైనాడు. రోజూ పేపరు ఈ బెంచీ మీదే చదువుతాడు. "ఇంటికి పోయినా నాకు వినేదానికి ఇంతకన్నా ఏముండాది."

"పెద్ద సంగతేం కాదు మామా, చిన్నదే. హరినాథ్ గారని, చంద్రగిరి రోడ్డులో ఇల్లు. ఆయనకు పాటలు వినే పిచ్చి. చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్ ఉంటాది కదా, దానికి బలమిచ్చే పెట్టె ఒగటి, ఆంప్లిఫయరంటారు, విదేశం నుంచి తెప్పించినాడు. ఫోన్లో పాట ఊరికే వింటే నీళ్ళపాలంట, ఆ పెట్టెలో నుంచి వస్తే గుమ్మపాలంట. దాని ఖరీదు నేను చెప్పను, చెప్తే సుబ్బులక్క పొయ్యి ఆరిపోతాది. ఆ పెట్టెకు లోకమంతా పేరు. ఆ పేరుకు తగినట్టు ఉండాదా లేదా అని ఆయన, ఆయన ఫ్రెండ్సు కూర్చొని తేల్చుకోలేక, కడాకు నాకు ఫోన్ చేసినారు. 'ధనంజయ గారూ, మీ చెవి మాకు కావాల' అన్నారు. రానన్నాను. జనం వినికిడి మీద మీ పెట్టుబడి పెత్తనం ఏందని అడిగినాను. 'మీరు అట్ల తిట్టేదే మాకు కావాల' అన్నారు. కారు పంపిస్తామన్నారు. వద్దన్నాను. బస్సులో జనంతో నిలబడి పోయినాను. సిద్ధాంతం మామా, సిద్ధాంతం."

"బస్సెక్కడ?" అన్నాడు మునిశేఖర్. "ఆ పొద్దు నా బండి వెనకాల కూర్చొని కదప్పా పోయింది. ఇస్త్రీ నలిగిపోతాది, మెల్లగా పోనీమంటివి."

"బస్సంటే జనంతో కలిసి అని అర్థం. నువ్వు జనం కాదా? నడమ నడమ తగలద్దు, పట్టు పోతాది. ఆ గది సూడాల మీరు. గోడలకు మెత్తలు, కిటికీలకు మెత్తలు, నేల మీద కాలు పెడితే మడమ దాకా దిగబడిపోతాది. ఆడ మనిషి మాట్లాడితే మాట పెదవి దాటి రాదు. పెద్దమనుషులు సోఫాల్లో కండ్లు మూసుకొని, ఏదో దేవుడు పూనినట్టు తలలూపతా ఉండారు. అరలో ఆ పెట్టె, ముందర నీలం లైటు. నేను పోయి కూర్చొని హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను. ఎప్పుడో పాతకాలంలో ఎవురిదో పెండ్లిలో వాయించిన నాదస్వరం పెట్టినారు. ఒగటే కీర్తన విన్నాను. తీసేసి, 'డోలు కొట్టే ఆయనకు వేలి తొడుగు ఒగటి వదులుగా ఉండాది' అన్నాను. అంతే. అందరూ కండ్లు తెరిచినారు."

"తొడుగు వదులైంది నీకెట్ల తెలిసిందబ్బా?"

"దెబ్బ పడేముందర అది రవంత జరగతా ఉండాది మామా. టక్కుమనాల్సింది, ట... క్కుమంటాది. ఇది గొప్పేం కాదు, శ్రద్ధ ఉండే ఎవురికైనా వినబడతాది."

ఇంతవరకూ నమ్మవచ్చు. వెంకటేశ్వర్లు పేపరు మడిచి పక్కన పెట్టాడు. సుబ్బులమ్మ మాత్రం కదల్లేదు.

"ఆ పనామె అప్పుడు ఆడుండిందా?" అంది.

"ఉండింది, ఉండింది. కాఫీ తెచ్చింది."

"ఆమె పేరేంది?"

"పేరా..." ధనంజయ స్టేషన్ వైపు చూశాడు. లోపల మైకులో ఏదో బండి ఆలస్యమని చెబుతున్నారు. "లచ్చిమి. లక్ష్మి. ఆమె దగ్గరికి వస్తా ఉండా కదక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంగోసారి పెట్టమన్నాను. ఈసారి వినేదానికి కాదు, లోపలికి దిగేదానికి. నాదస్వరం ఊదే ఆయన పెదవి తడుపుకున్నాడు, వినబడింది. ఆయన పక్కన శ్రుతి పట్టే ముసలాయన ఒళ్ళో సంచి విప్పి ఆకు తీసినాడు, సున్నం రాసినాడు, సున్నం జాస్తి అయ్యింది, వేలితో తీసి పక్కన స్తంభానికి పూసినాడు. అది వినబడింది. స్తంభం రాతిది. ఆడోళ్ళ వరసలో ఒగామె ఇంగొగామెకు అరవంలో చెప్తా ఉండాది, పప్పులో ఉప్పు లేదని."

"నిజంగానే లేదా?" అన్నాడు మునిశేఖర్.

"ఉండాది. కలపలేదు. వంటాయన గరిట తిప్పే చప్పుడుంటాది కదా, పైపైన తిప్పతా ఉండాడు. ఉప్పంతా అడుక్కు దిగిపోయినాది. చివరి పంక్తిలో కూర్చున్నోళ్ళకు విషం మాదిరి ఉండుంటాది. పంపిణీ సరిగా లేకపోతే సమాజంలో జరిగేది కూడా ఇదే."

"అబ్బో," అన్నాడు మునిశేఖర్.

"పెండ్లి పందిరి బయట గూడ్సు బండి ఒగటి పోతా ఉండాది."

వెంకటేశ్వర్లు ముందుకు వంగాడు. "ఏ బండి?"

"గూడూరు వైపు నుంచి వచ్చే బొగ్గు బండి మామా. ఇంజన్లో డ్రైవరు ఆవలించినాడు. వెనకాల పెట్టెలో గార్డు చెప్పులు విప్పినాడు."

"అది నేనే అయ్యుంటానబ్బా. నాకు చెప్పులు విప్పి కూర్చునే అలవాటు. అప్పుడేమన్నా అన్నానా?"

"అన్నావు మామా. ఇంత పెద్ద బండికి నేను ఒక్కణ్ణి కాపలా, నాకు కాపలా ఎవురని అన్నావు. అందులో ఎంత బాధుండాదో ఆ పెట్టెను చేసిన కంపెనీకి తెలీదు. మిగతావాళ్ళు సంగీతం వింటారు, నేను శ్రమను వింటాను. ప్రతి సరుకులో దాక్కున్న చెమటను బయటకు లాగడమే విమర్శ. ఇది నేను ఊరికే అనలేదు, పుస్తకాల్లో ఉండాది. అందుకని పాట ఆపేయమన్నాను. ఉత్త పెట్టెను వింటానన్నాను. ఏమీ మోగకుండా, ఉత్త కరెంటు."

"ఉత్త కరెంట్లో ఏం వినబడతాదప్పా?"

"లోకం వినబడతాది మునిశేఖరూ. మొదట సన్నగా ఝుమ్మని మోత. నేను ఆ మోతను పట్టుకొని వైరు ఎంబడి నడిచినాను. గోడలో దూరినాను. మీటరు దాటినాను. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు మీద కాకి కూర్చోనుండాది, దాన్ని దాటినాను. సబ్‌స్టేషన్లో ఆపరేటరు కూతురికి ఫోన్లో ఎక్కాలు చెప్పిస్తా ఉండాడు, తొమ్మిదో ఎక్కం తప్పు చెప్పింది ఆ పిల్ల, సరిచేసి ముందుకు పోయినాను. టవర్లు, టవర్లు, టవర్లు. కడాకు కరెంటు పుట్టే కాడికి పోతే అది బొగ్గు. బొగ్గు కాడ ఆగుతానా? గనిలోకి దిగినాను. చీకట్లో ఒగాయన దగ్గతా ఉండాడు. ఆ దగ్గు ఆ నీలం లైటులో ఉండాది. ఆ దగ్గు హరినాథ్ గారి చెవిలో ఉండాది. నేను కండ్లు తెరిచి ఒగటే మాట అన్నాను. 'మీరు వింటా ఉండేది రాగం కాదు, దగ్గు.' గది గదంతా గమ్మున అయిపోయింది."

"ముందే గమ్మున ఉండింది కదా, మెత్తలుండాయంటివి."

"ఇంగా గమ్మున అయ్యింది. అంతటితో వదిలితే నేను ధనంజయను కాదు. పెట్టెను చేసినోళ్ళను వినాల కదా. ఇంగోసారి దిగినాను. లోపల చిన్న చిన్న టంకాలుంటాయి, సీసం కరిగించి అతికించేవి. ఏదో దేశంలో, పెద్ద షెడ్డులో, ఒగ పిల్ల కూర్చొని టంకం వేస్తా ఉండాది. నాలుగో టంకం కాడ చెయ్యి వణికింది. ఆ పొద్దు ఆ పిల్లకు జ్వరం. సూపర్‌వైజరు వెనకాల నిలబడుండాడు, బూట్లు కిర్రుమంటా ఉండాయి. ఆ పిల్ల వాళ్ళ భాషలో మెల్లగా ఏదో పాడుకుంటా ఉండాది. ఆ పాట నాకిప్పటికీ చెవిలో ఉండాది, అడిగితే పాడతాను."

"వద్దులే," అన్నాడు వెంకటేశ్వర్లు.

"ఆ దేశం పిల్ల పాట వినబడింది సరే," అంది సుబ్బులమ్మ. "ఆ గదిలో కాఫీ తెచ్చిన ఆమె ఏమనింది?"

ధనంజయ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

"ఆమె ఏమంటాదక్కా, ఆ నలుగురి ముందర? ఆమె తరపున మాట్లాడాల్సింది మనమే. గొంతు లేనోళ్ళకు గొంతు కావడమే మేధావి బాధ్యత. వస్తాది, ఆగు. అసలు సంగతి ఇప్పుడుండాది. నేను అట్ల లోపల లోపల వింటా పోతా ఉంటే పెట్టె వేడెక్కింది. దాని లోపల ఇంతవరకూ ఎవురూ పోలేదు కదా, భయపడింది. నీలం లైటు ఎర్రగా అయ్యింది. ఆ వేడికి పక్కన గిన్నెలో ఉండే జీడిపప్పులు వేగిపోయినాయి. తినినారు కూడా. కరెంటంతా ఆడికే లాగేసిందేమో, కొండ దారిలో లైట్లన్నీ ఒగసారి ఆరి వెలిగినాయి. మీరెవురూ గమనించలేదు."

"ఏ రోజు?"

"అదే, ఆదివారం. అప్పుడే హైదరాబాదు విమానం ఈడ రేణిగుంటలో దిగతా ఉండాది. ఆ మోత అడ్డమని హరినాథ్ గారు నేరుగా ఎయిర్‌పోర్టు టవరుకు ఫోన్ చేసినారు. ధనంజయ వింటా ఉండాడు, దించద్దండి అని. ఇంగ సూస్కో, విమానం చంద్రగిరి కోట మీద గుండ్రంగా తిరగతా ఉండాది, రాజమహల్ మీద కాకులన్నీ లేచిపోయినాయి, లోపల ప్రయాణికులు నేను వినేది అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకోని కూర్చోనుండారు."

"ఎంతసేపు తిప్పినారు?"

"డీజిల్ అయిపోయేదాకా."

"విమానానికి డీజిలెక్కడిదబ్బా?"

"ఆ పొద్దు డీజిలే పోసినారు. అది కాదు మామా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి ఆ పెట్టెను తయారుచేసిన దొరకు తెలిసిపోయింది. ఎట్ల తెలిసిందంటే, పెట్టెలన్నీ ఒగదానితో ఒగటి మాట్లాడుకుంటాయి ఇప్పుడు, అంతా నెట్టే కదా. ఆయన వీడియోలో వచ్చినాడు. తెల్లటి మనిషి, గడ్డం, కండ్ల నిండా నీళ్ళు. 'ధనంజయా, నా జీవితమంతా పెట్టి చేసినాను దీన్ని, నాలుగో టంకం కాడ లోపం నాకొక్కడికే తెలుసు, రాత్రులు నిద్ర పట్టదు' అన్నాడు. నేను ఓదార్చలేదు. ఆ పిల్లకు జ్వరమని తెలుసునా నీకు అని అడిగినాను. తల దించుకున్నాడు. నన్ను సూడాలని విమానమెక్కేసినాడు. మద్రాసులో దిగి కారులో వస్తా, తడ కాడ ఆంధ్రా బోర్డు కనబడంగానే కారు ఆపించి దిగి, బూట్లు విప్పేసినాడు. ఈ చెవి ఉండే నేల మీద బూట్లతో నడవనన్నాడు. అట్లే నడుచుకుంటా సూళ్ళూరుపేట దాకా వచ్చి, కాళ్ళు బొబ్బలెక్కి కూలబడినాడు. నాకు కబురొచ్చింది. వెనక్కు పొమ్మన్నాను."

"అయ్యో, అంత దూరం వచ్చినోణ్ణి ఒగసారి సూడచ్చు కదా," అన్నాడు మునిశేఖర్.

"వ్యక్తిపూజకు నేను వ్యతిరేకం."

వెంకటేశ్వర్లు నవ్వి దగ్గాడు. మునిశేఖర్ తొడ మీద చరుచుకున్నాడు. ఆ నవ్వు చూసి ధనంజయ ముఖం వెలిగింది. వినేవాళ్ళు నవ్వుతున్నంతసేపూ అతనికి భయం ఉండదు. సుబ్బులమ్మ నవ్వలేదు. అది గమనించి అతను ఆమె వైపు తిరిగి, ఈ కథంతా ఆమె కోసమే అన్నట్టు గొంతు తగ్గించాడు.

"ఇంగ నీ సంగతే వస్తా ఉండాదక్కా. హరినాథ్ గారు చేతులు కట్టుకొని నిలబడి, 'పెట్టె పేరుకు తగినదేనా ధనంజయ గారూ' అన్నాడు. అప్పుడు వాళ్ళలో ఒగాయన, తలుపు కాడ కాఫీ పళ్ళెం పట్టుకోనుండే ఆమెను సూపించి, ఈమే తడిగుడ్డతో తుడిచి పాడు చేసిందేమో అన్నాడు. అంతే, నాకు మండింది. లేచినాను. నేను లేస్తే మెత్తలన్నీ గోడల నుంచి ఊడి కింద పడినాయి. 'తుడిచే చేతిని అనుమానిస్తారా? చరిత్రంతా ఆ చెయ్యి తుడిచిందే. మీ పెట్టె మోసం, మీ పేరు మోసం, మీ మూసుకున్న కండ్లు మోసం. ఈ గదిలో నిజమైన వస్తువు ఒగటే, అది ఆ తడిగుడ్డ' అన్నాను. ఆమెను తోడుకొచ్చి సోఫాలో నడమ కూర్చోబెట్టినాను. హెడ్‌ఫోన్ నా చేతుల్తో ఆమె చెవులకు తగిలించినాను. లచ్చిమి ఏడ్చింది. లచ్చిమిని సూసి హరినాథ్ గారు ఏడ్చినాడు. ఆయన్ను సూసి కింద వాచ్‌మన్ ఏడ్చినాడు, ఎందుకో ఆయనకు తెలీదు. ఆడికాడనే ఫ్యాక్టరీ తాళాలు తెప్పించి, ఇంగ ఈ ఫ్యాక్టరీ పనోళ్ళదే అని ఆమె చేతిలో పెట్టినాడు. వీధి వీధంతా పిడికిళ్ళెత్తి నినాదాలు. పని పోయిందంటావేందక్కా? ఆమె ఇప్పుడు ఫ్యాక్టరీలో, ఏసీ గదిలో, ఏమో, మేనేజరుగానో ఏమో..."

"ఆమె పేరు లచ్చిమి కాదబ్బయ్యా," అంది సుబ్బులమ్మ. "అమల. మా చెల్లెలి కూతురు. ఫ్యాక్టరీలో లేదు. మా ఇంట్లో గోడకానుకొని కూర్చోనుండాది."

మునిశేఖర్ నవ్వు అలాగే ఆగిపోయింది.

"ఆ పొద్దు తలుపు కాడ నిలబడుకోనుండింది అమలే," అంది సుబ్బులమ్మ. గొంతు పెంచలేదు. "నువ్వు హెడ్‌ఫోన్ తీసి ఏమన్నావో అది నాకు చెప్పింది. 'పేరుకు తగినట్టే ఉండాది సార్, కాకపోతే ఎడమ పక్క రవంత మసక. ఎవురో తడిగుడ్డతో ముట్టుకున్నట్టుండారు' అన్నావంట. తడిగుడ్డ అర మీద ఉండేది సూసే అన్నావు. ఎవురూ అమలను అనుమానించలేదు అప్పటిదాకా. నువ్వన్నాకనే అందరూ దాని పక్క తిరిగినారు. నిన్ను సూసి, సదువుకున్న అబ్బి, మాట్లాడతాడేమో అని సూసిందంట అది. నువ్వు జీడిపప్పు తీసుకున్నావంట."

ధనంజయ గ్లాసు బెంచీ మీద పెట్టబోయి, మళ్ళీ చేతిలోకే తీసుకున్నాడు.

"మరుసటి పొద్దు రావద్దన్నారు. ఆ ఇంట్లో చేరినప్పుడు దానికి పెండ్లి కూడా కాలేదు. ఆ వీధిలో ఇంగా రెండిండ్లలో చేస్తా ఉండింది, వాళ్ళూ వద్దన్నారు. ముట్టుకుంటే సామాను పాడైపోతాదని ఫోన్లలో చెప్పుకున్నారంట. ముట్టుకునే చెయ్యి అని పేరు పెట్టేసినారు దానికి. మా ఇంట్లో మిక్సీ కూడా వెయ్యడం లేదబ్బయ్యా అది. నా చెయ్యి మంచిది కాదేమో పెద్దమ్మా, నువ్వే వేసుకో అంటాది."

వెంకటేశ్వర్లు పేపరు తీసుకుని, విప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నిన్ను తిట్టేదానికి పిలవలేదు," అంది సుబ్బులమ్మ. "ఒగటే అడగాలని పిలిచినాను. నీకు నిజంగా వినబడిందా, ఆ మసక? వినబడుంటే చెప్పు, అది తప్పు చేసిందనుకుంటాం."

"అక్కా, సాంకేతికంగా సూస్తే..."

"సాంకేతికంగా వద్దు."

ధనంజయ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో ఖాళీ గ్లాసును తిప్పి తిప్పి చూశాడు.

"లేదు," అన్నాడు.

"ఏం లేదు?"

"ఏమీ వినబళ్ళేదక్కా. మసకా లేదు, మెరుపూ లేదు. నా ఫోన్లో ఎట్లుంటాదో అట్లే ఉండింది. వాళ్ళందరూ కండ్లు మూసుకొని తలలూపతా ఉండారు. ఆహా అంటా ఉండారు. నాకొక్కడికే వినబళ్ళేదని ఎట్ల చెప్పేది? ఏదో ఒగటి కనిపెట్టకపోతే నన్నెందుకు పిలిచినట్టు?"

"ఆ మాట నాకు కాదు, ఆయనకు చెప్పు. ఇప్పుడే చెప్పు. మేం కూడా వినాల."

అతను ఫోన్ తీశాడు. హరినాథ్ నంబరు నొక్కాడు. మునిశేఖర్ దాన్ని అందుకుని, స్పీకరు పెట్టి, బెంచీ మీద ఉంచాడు.

"ఎవరు?" అంది హరినాథ్ గొంతు.

"సార్, ధనంజయ... జనం చెవి."

"ఎవరూ? ఆఁ, ఆ యూట్యూబ్ అబ్బాయా. చెప్పు బాబూ."

"ఆ పొద్దు మీ పెట్టె గురించి... ఎడమ పక్క మసక అని చెప్పినాను కదా సార్. నాకు... నిజానికి నాకు అట్లేం వినబళ్ళేదు సార్. ఆమె ముట్టుకున్నందుకు ఏమీ కాలేదు."

అవతల చిన్నగా నవ్వు వినబడింది. పక్కవాళ్ళు వినకుండా తలుపు దగ్గరికి వేసుకున్న చప్పుడు కూడా.

"నీకూ వినబడలేదా? నాకూ వినబడలేదయ్యా. నువ్వు చెప్పినావు కదా, నా చెవే మందమేమో అనుకున్నాను. ఇది నీ దగ్గరే పెట్టుకో. మొన్న మద్రాసు నుంచి మెకానిక్ వచ్చినాడు. పెట్టె బంగారం మాదిరి ఉండాది, చుక్క తడి తగల్లేదన్నాడు. అసలు మనం దాంట్లో వినలేదయ్యా. తెచ్చిన రోజు దేవుని గదిలో పెట్టి, బొట్టు పెట్టి హారతిచ్చినాం. తెచ్చి అరలో పెట్టి కరెంటు తగిలించినామే గానీ, హెడ్‌ఫోన్ వైరు వెనకాల పాత పెట్టెకే ఉండిపోయింది. కొత్త పెట్టె సౌండు మీట అరిగిపోతాదని నేనెవరినీ తిప్పనీలేదు, అందుకే తెలీలేదు. మనమందరం ఆహా అన్నది పాత పెట్టెను. మా డాక్టరు దామోదరం గారయితే కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు, గుర్తుందా?"

మునిశేఖర్ పెదవి కొరుక్కున్నాడు. సుబ్బులమ్మ ధనంజయనే చూస్తోంది.

"మరి... పనామె సార్. అమల. ఆమె తప్పేం లేదని తేలింది కదా. ఆమెను..."

"ఆ పిల్లా? పాపం, మంచి పిల్లే. పిలవచ్చు. పిలిస్తే ఎందుకు పిలిచినారని మా ఇంట్లో అడుగుతారు, ఆ పక్కిండ్లలో అడుగుతారు. వైరు సంగతి చెప్పాలి. నా పరువేం కావాలి? దామోదరం గారి మొగం నేనెట్ల సూడాలి? నీదేం తక్కువా, తగిలించని పెట్టెలో లోపం కనిపెట్టినావని తెలిస్తే నీ ఛానల్ ఎవరు సూస్తారు? ఇప్పుడు వేరే ఆమె వస్తా ఉండాది. జరిగిపోతా ఉండాది కదా, కెలకడమెందుకు. మనిద్దరిలోనే ఉండనీ. సరేనా?"

బెంచీ మీద ఫోన్ వెలుగుతోంది. ధనంజయ నోరు తెరిచాడు. ఇందాక గనిలోకి దిగినవాడు, విమానాన్ని ఆకాశంలో నిలిపినవాడు, ముగ్గురు మనుషులూ ఒక మరుగుతున్న పాలగిన్నే ఉన్న ఆ చోట ఒక్క మాట వెతుక్కున్నాడు. శ్రమ, చరిత్ర, గొంతు లేనివాళ్ళ గొంతు, అన్నీ ఎక్కడో ఉన్నాయి. ఒక్కటీ నాలుక దాకా రాలేదు. ఆఫీసులో బల్ల ముందు నిలబడ్డవాడిలా అతని వీపు దానంతటదే కొంచెం వంగింది.

"సరేనా బాబూ?" అంది ఫోను మళ్ళీ.

"సరే సార్," అన్నాడు ధనంజయ.

ఫోన్ ఆగిపోయింది. మునిశేఖర్ బెంచీ మీద నుంచి లేచి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. సుబ్బులమ్మ ధనంజయ చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది.

"ఇది మాత్రం మాకందరికీ వినబడింది నాయనా," అంది.